పెద్దరికానికి పడే ఓటు

2019 డిసెంబరు రెండో వారంలో గృహహింస చట్టం గురించి మాట్లాడటానికి ఖమ్మం జిల్లా బోనకల్ వెళ్లాను. పత్తి తీతలు నడుస్తున్న రోజులు. కూలి నుంచి వచ్చి, ఇంత అన్నం వండి పెట్టి, సాయంత్రం ఏడు గంటలకు అరవై డెబ్భై మంది ఆడవాళ్లు చేరారు. డ్వాక్రా సంఘాల వాళ్లు, వ్యవసాయ కూలీలు, ఇద్దరు ముగ్గురు అంగన్‌వాడీ టీచర్లు. నేను చట్టం ఊసెత్తకముందే మాట షాద్‌నగర్ మీదికి పోయింది. అంతకు కొద్దిరోజుల ముందే, డిసెంబరు 6 తెల్లవారుజామున, చటాన్‌పల్లి దగ్గర ‘దిశ’ కేసు నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆడవాళ్లు రాఖీలు కట్టారు. ఆ సంగతి ఎవరో ఎత్తగానే బోనకల్‌లో హాలంతా చప్పట్లు మోగాయి.

“విచారణ లేకుండా చంపితే న్యాయమవుతుందా?” అని నేను మొదలుపెట్టానో లేదో, ముందు వరసలో ఒకామె “మీకు ఆడపిల్లలు లేరా మేడం?” అని అడిగింది. ఉంది, అన్నాను. “మరి?” అంది. ఆ “మరి”కి నా దగ్గర చప్పున చెప్పగలిగిన జవాబు లేకపోయింది. అప్పుడు వెనక గోడకానుకుని కూర్చున్న ఒక పెద్దావిడ నెమ్మదిగా, “ముదిగొండలో కాల్చింది కూడా పోలీసోళ్లే కదమ్మా. అప్పుడూ తప్పు వీళ్లదే అన్నారు” అంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ కాదనలేదు కూడా.

ఆ రెండు మాటల మధ్య ఉన్న దూరం గురించే ఈ వ్యాసం.

జనం గొర్రెలా?

ఎన్నికల ఫలితాలు వచ్చిన ప్రతిసారీ మన మిత్రుల్లో కొందరు ఒక మాట అంటుంటారు. ఈ జనం ఇంతే, గట్టిగా గద్దించినవాడి వెనకే పోతారు, వీళ్లకు చైతన్యం లేదు, అని. ఏ పార్టీ గెలిచినా, ఏ పార్టీ ఓడినా, ఓటర్లలో ఒక వాటా మాత్రం ఎప్పుడూ గట్టి చెయ్యి వైపే మొగ్గుతుంటుందన్నది నిజమే. ఈ రాజకీయానికి కొన్ని గుర్తులున్నాయి. కోర్టులు, చర్చలు, నిరసనలు అన్నీ దానికి అడ్డంకులే. ఇంటికి ఉన్నట్టు దేశానికీ ఒక యజమాని ఉండాలంటుంది. ఎదురు మాట్లాడినవాణ్ణి ద్రోహి అంటుంది. ఆడవాళ్లను కాపాడాలంటుంది గానీ వాళ్ల ఇష్టానికి వదలకూడదంటుంది. ఇది ఏ ఒక్క పార్టీ సొత్తూ కాదు. అన్ని జెండాల కిందా ఉంది.

ప్యూ అనే అమెరికన్ పరిశోధనా సంస్థ 2017లో మన దేశంలో సర్వే చేసినప్పుడు, పార్లమెంటూ కోర్టులూ అడ్డుపడని బలమైన నాయకుడి పాలన మంచిదేనని సగానికి మించిన మంది చెప్పారు. 2023 నాటికి అలా చెప్పేవాళ్లు దాదాపు మూడింట రెండొంతులయ్యారు. ఇలాంటి మొగ్గు మనుషుల స్వభావంలోనే ఉంటుందని వాదించిన పండితులున్నారు. హిట్లర్ అనుభవం తర్వాత అడోర్నో, ఆయన సహచరులు 1950లో నియంతృత్వ వ్యక్తిత్వం గురించి పెద్ద గ్రంథమే రాశారు. పెంపకంలోని కాఠిన్యమే పెద్దయ్యాక బలవంతుడికి లొంగే, బలహీనుణ్ణి తొక్కే మనస్తత్వంగా మారుతుందన్నారు. కారెన్ స్టెన్నర్ 2005లో రాసిన పుస్తకంలో, ఇలాంటి మొగ్గు చాలామందిలో నిద్రాణంగా ఉంటుందనీ, తమ కట్టుబాట్లు కూలిపోతున్నాయన్న భయం కలిగినప్పుడు అది లేచి కూర్చుంటుందనీ చెప్పింది.

ఈ వాదనల్లో నిజం లేకపోలేదు. కానీ వీటిని పట్టుకుని “వాళ్ల బుద్ధే అంత” అని చేతులు దులుపుకుంటే అది పరిశోధన అనిపించుకోదు. బోనకల్ సంగతే చూడండి. 1946-51 సాయుధ పోరాటం ఈ జిల్లాను కుదిపింది. 1952, 1957 ఎన్నికల్లో ఖమ్మం లోక్‌సభ స్థానం నుంచి టి.బి. విఠల్‌రావు గెలిచారు. బోనకల్ ఉన్న మధిర నియోజకవర్గం 1985, 1989, 1994లో వరసగా మూడుసార్లు మార్క్సిస్టు నాయకుడు బోడేపూడి వెంకటేశ్వరరావును ఎన్నుకుంది. ఇక్కడి ఆడవాళ్లకు ఊరేగింపు కొత్త కాదు, ధర్నా కొత్త కాదు. వీళ్లకు చైతన్యం లేదనటానికి చాలా అహంకారం కావాలి.

అంత చైతన్యం ఉన్నచోట కూడా ఆ చప్పట్లు ఎక్కడి నుంచి వచ్చాయన్నదే మనం వేసుకోవాల్సిన ప్రశ్న.

ఉత్తరాది ఓడించింది, మనం గెలిపించాం

1977 మార్చిలో దేశం ఎమర్జెన్సీ మీద తీర్పు చెప్పింది. ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది. ఇందిరాగాంధీ స్వయంగా ఓడిపోయింది. అదే ఎన్నికలో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు వచ్చాయి. ఒక్క నంద్యాలలో మాత్రం జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి నెగ్గారు. అంటే దేశమంతా నియంతృత్వాన్ని తిరస్కరించిందని మనం గర్వంగా చెప్పుకునే ఆ ఎన్నికలో తెలుగువాళ్లం దాన్ని నెత్తిన పెట్టుకున్నాం.

మన దగ్గర ఎమర్జెన్సీ మెత్తగా నడిచిందా? నడవలేదు. 1975 జూలైలో గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థులను కాల్చి చంపారు. ఆ డిసెంబరు 1న భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీశారు. 1977లో తార్కుండే కమిటీ మన రాష్ట్రంలోని ఎన్‌కౌంటర్ల మీదే విచారణ జరిపి, అవి ఎదురుకాల్పులు కావని చెప్పింది. అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మన ఖమ్మం జిల్లా మనిషి. తర్వాత 1984లోనూ, 1989లోనూ ఖమ్మం ఆయన్ని లోక్‌సభకు పంపింది. జిల్లాకు రోడ్లు, కాలువలు తెచ్చాడని ఆయన పేరు చెప్పుకునే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు.

ఆనాటి ఓటరు ఏం చూసి ఓటేసింది? బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఉత్తరాదిలో సృష్టించినంత బీభత్సం ఇక్కడ సృష్టించలేదు. అదే కాలంలో ఇరవై సూత్రాల కార్యక్రమం కింద దళితవాడకు ఇళ్ల స్థలాల మాట వచ్చింది. వెట్టిచాకిరీ రద్దు చేస్తూ 1975 అక్టోబరులో ఆర్డినెన్సు, 1976లో చట్టం వచ్చాయి. పేదల అప్పుల వసూళ్లకు అడ్డుకట్ట వేశారు. ఎన్ని అమలయ్యాయన్నది వేరే లెక్క. కానీ దొర ముందు తలెత్తని మనిషికి, దొర కన్నా పెద్ద చెయ్యి ఒకటుందని మొదటిసారి అనిపించింది. గిరాయిపల్లిలో పేలిన తుపాకి ఆమెకు వినబడలేదు. వినబడ్డా అది ఎవరి పిల్లల మీదో పేలింది. ఊళ్లో ఉన్న చిన్న నియంత చేతిలో నలిగినవాళ్లు ఢిల్లీలోని పెద్ద నియంతలో రక్షకురాల్ని చూశారు. ఇది అజ్ఞానం కాదు. బతుకు లెక్క.

సరిగ్గా ముప్పై ఏళ్ల తర్వాత, 2007 జూలై 28న, బోనకల్‌కు పొరుగునే ఉన్న ముదిగొండలో భూమి అడిగిన పేదల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. ముదిగొండ కూడా మధిర నియోజకవర్గంలోనిదే. 2009లో ఆ నియోజకవర్గం, కాల్పులనాడు రాష్ట్రాన్ని ఏలిన పార్టీ అభ్యర్థినే ఎన్నుకుంది. స్వల్ప మెజారిటీతోనే కావచ్చు, రెండో వైపు ఓట్లు కూడా దాదాపు అంతే ఉండవచ్చు, గెలుపు మాత్రం అటువైపే. ముదిగొండను జనం మరిచిపోయారా? లేదు, ఆ పెద్దావిడ మరిచిపోలేదు. కానీ ఆ రెండేళ్లలో ఆరోగ్యశ్రీ కార్డు వచ్చింది, రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ ఓట్లన్నీ తుపాకికి పడినవి కావు. ఎక్కువ భాగం ఆపరేషన్ ఖర్చుకు, బియ్యానికి పడినవి. గట్టి చెయ్యి రాజకీయం బతికేది ఇక్కడే. కొట్టే చెయ్యీ పెట్టే చెయ్యీ ఒకటే కావటం దాని బలం. రెండింటినీ విడదీసి చూపించలేకపోవటం మన బలహీనత.

“తప్పు చేస్తే కొట్టరా?”

ఆ రెండూ ఒకే చెయ్యి కావటాన్ని మన ఆడవాళ్లు ముందుగా చూసేది ఎన్నికల్లో కాదు, ఇంట్లో.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక ప్రశ్న ఉంది. చెప్పకుండా బయటికి వెళ్లినా, పిల్లల్ని సరిగా చూసుకోకపోయినా, ఎదురు చెప్పినా, వంట బాగా చేయకపోయినా, అత్తమామల్ని గౌరవించకపోయినా, ఇలా ఏడు కారణాలు చదివి, వీటిలో ఏ ఒక్కదానికైనా మొగుడు కొట్టటం సబబేనా అని అడిగారు. తెలంగాణలో దాదాపు 84 శాతం ఆడవాళ్లు సబబేనన్నారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ అంతే. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ మన రెండు రాష్ట్రాల్లోనే. హిమాచల్‌ప్రదేశ్‌లో ఆ సంఖ్య 15 లోపు.

డ్వాక్రా ఉద్యమానికి దేశమంతటికీ పేరు తెచ్చిపెట్టింది కూడా ఈ రాష్ట్రాలే. అంటే బ్యాంకుకు వెళ్లి సంతకం పెట్టగల మనిషే, పొదుపు లెక్క రాయగల మనిషే, అప్పు వాయిదా ఏనాడూ తప్పని మనిషే, తప్పు చేస్తే మొగుడు కొట్టరా అంటున్నది. ఆదాయం చేతికొస్తే ఆధిపత్యం దానంతటదే పోతుందని నమ్మి ఇరవై ఏళ్లు సంఘాలు కట్టినవాళ్లం ఈ అంకె ముందు కాసేపు తల దించుకోవాలి.

ఇప్పుడు ఆ 84 శాతాన్ని, చటాన్‌పల్లి చప్పట్లను పక్కపక్కన పెట్టండి. ఒకటి రెండోదానికి కారణమని నేను అనటం లేదు. అంకెలు ఆ మాట చెప్పవు. కానీ రెండింటి తర్కం ఒకటే. తప్పు చేశాడు కాబట్టి కొట్టవచ్చు. తప్పేదో తేల్చేది కొట్టేవాడే. దెబ్బ తిన్నవాళ్లకు చెప్పుకునే అవకాశం ఉండదు. పెద్దరికమంటే ఇదే. ఈ తీర్పుకు సాక్షులు అక్కర్లేదు, పై కోర్టు లేదు. పుట్టిన దగ్గర్నుంచి నాన్న, అన్న, మొగుడు, కులపెద్ద, ఊరిపెద్ద రోజూ ఇదే తీర్పు చెప్పే చోట పెరిగిన మనిషికి, రాజ్యం కూడా అలాగే తీర్పు చెబితే వింతగా అనిపించదు. పైగా ఇంట్లో దెబ్బ తిన్న చెయ్యికి, బయట ఆ దెబ్బ ఇంకొకడికి పడుతుంటే కాస్త ఊరట కూడా కలుగుతుంది.

మన రాజకీయ భాష వినండి. ఇందిరమ్మ. అన్నగారు. చంద్రన్న కానుక. జగనన్న అమ్మఒడి. కళ్యాణలక్ష్మి అయితే మేనమామ పెట్టే కట్నంలాగా ప్రచారమైంది. ఆడపిల్లలకు తండ్రి ఆస్తిలో సమాన హక్కు ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. 1985 నుంచి వర్తించిన ఆ సవరణ గొప్ప చట్టం. కానీ ఊళ్లో దాన్ని హక్కుగా ఎవరూ చెప్పలేదు, అన్నగారు ఆడపడుచులకిచ్చిన కానుకగానే చెప్పారు. కానుక ఇచ్చినవాడికి ఎదురు చెప్పకూడదు. వద్దని వెనక్కి ఇవ్వనూకూడదు. రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి తీస్తుందని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ హెచ్చరించింది ఇందుకే. ఆ భక్తికి గుడి కన్నా ముందు మన ఇంటి వరండాలో పాదులు పడుతున్నాయన్నది నేను చేర్చే మాట.

బేరం

మరి ఆడవాళ్లు తమకే చేటు చేసే రాజకీయాన్ని ఎందుకు మోస్తారు? డెనిజ్ కాండియోటి 1988లో దీనికి ఒక పేరు పెట్టింది. పితృస్వామ్యంతో బేరం. ఆ వ్యవస్థలో బతకాల్సిన ఆడది దాని నియమాలు ఒప్పుకుని, బదులుగా కొంత రక్షణ, కొంత గౌరవం, ముసలితనంలో కోడలి మీద కొంత పెత్తనం అడిగి తీసుకుంటుంది. ఆ నియమాలు సడలిపోతే, ముందే మూల్యం చెల్లించిన ఆమెకు భయం వేస్తుంది. తను పడిన కష్టానికి ప్రతిఫలం రాకుండానే ఆట నియమాలు మారిపోతున్నాయి. అందుకే చాలామంది తల్లులు కూతురి చేతిలో ఫోను చూసి, వేరే కులం కుర్రాడితో మాట చూసి తండ్రి కన్నా ఎక్కువగా వణుకుతారు. కూతురు “చెడిపోయింది” అని పేరు వస్తే అడిగేది తల్లినే. పెంపకం ఆమెది.

మన సంస్కృతి, మన కుటుంబం, మన ఆడబిడ్డల మానం అంటూ వచ్చే రాజకీయం ఆ తల్లి భయంతో నేరుగా మాట్లాడుతుంది. తానికా సర్కార్, ఊర్వశీ బుటాలియా 1995లో తెచ్చిన సంపుటి ఈ సంగతిని మనకు విప్పి చూపింది. మతరాజకీయాల్లో చేరిన ఆడవాళ్లు మగవాళ్ల చేతిలో కీలుబొమ్మలు కారు. ఇల్లు దాటటానికి అనుమతి, మాట్లాడటానికి వేదిక, చేయటానికి పని వాళ్లకు అక్కడ దొరికాయి. మనం స్వేచ్ఛ గురించి చెబుతాం. ఆ తల్లి అడిగేది రేపు నా పిల్లకేమైనా అయితే ఎవరొస్తారని. మన జవాబు స్పష్టంగా లేనంతకాలం, “నేనొస్తాను” అని రొమ్ము విరిచి చెప్పేవాడికే ఆమె ఓటు.

ఏ రాత్రి ఎవరు రాలేదు?

ఆ రొమ్ము విరుపు వెనక ఉన్న మోసాన్ని మాత్రం గట్టిగా చెప్పి తీరాలి. 2019 నవంబరు 27 రాత్రి దిశ కుటుంబం పోలీసుల దగ్గరికి పరిగెత్తింది. ఇది మా పరిధి కాదు అంటూ తిప్పారు. తర్వాత ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఆ రాత్రి వ్యవస్థ రాలేదు. తొమ్మిది రోజుల తర్వాత వచ్చి నలుగుర్ని కాల్చింది. ఆ తుపాకి చప్పుడులో “పరిధి” గురించిన ప్రశ్న మాయమైపోయింది. పూలు చల్లిన చేతులు అడగాల్సిన లెక్క అడగలేదు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటపడింది. పోలీసులు చంపే ఉద్దేశంతోనే కాల్చారనీ, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లనీ, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలనీ అందులో ఉంది. ఆ నివేదికకు ఎవరూ పూలు చల్లలేదు.

అదే నవంబరు 24న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో, ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకుని బతికే ఒక దళిత స్త్రీని అత్యాచారం చేసి చంపారు. ‘సమత’ కేసుగా మనకు తెలుసు. ఆ కేసులో తుపాకి పేలలేదు. ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు సాక్ష్యాలు విని, 2020 జనవరి 30న ముగ్గురికి శిక్ష వేసింది. అది మరణశిక్ష. మరణశిక్షను నేను సమర్థించను. జస్టిస్ వర్మ కమిటీ 2013లోనే అత్యాచారానికి ఆ శిక్ష వద్దంది. కానీ నేరం జరిగిన రెండు నెలల పైచిలుకు రోజుల్లో, ఏ పలుకుబడీ లేని కుటుంబం తరఫున ఒక కోర్టు విచారణ పూర్తి చేయగలిగింది. కోర్టులంటే ఇరవై ఏళ్లు అనేవాళ్లకు ఇదే జవాబు. అది సాధ్యం. ప్రతిచోటా, ప్రతి కేసులో ఎందుకు సాధ్యం కాదని అడిగే ఉద్యమం మన దగ్గర లేదు.

ఇంకోవైపు న్యాయం అడిగి అలసిపోయినవాళ్లూ ఉన్నారు. వాళ్లను మరిచి నేను ఉపన్యాసం చెప్పలేను. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను ఊచకోత కోశారు. ఉద్యమం పట్టుబట్టి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించింది. తీర్పు 2007లో వచ్చింది. 2014లో హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది. ఆ కుటుంబాల ముందు నిలబడి “చట్టాన్ని నమ్మండి” అనగల ధైర్యం ఎవరికుంది? గృహహింస చట్టమే చూడండి. మొదటి వాయిదా నుంచి అరవై రోజుల్లో తేల్చాలని అందులో రాసి ఉంది. రోజు కూలి పోగొట్టుకుని వాయిదాల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగిన ఆడవాళ్లు మన సంఘాల్లో ఎంతమంది లేరు? గట్టి చెయ్యికి ఓటు పడటమంటే చాలాసార్లు ఇదే. న్యాయం రాని చోట న్యాయంలా కనిపించే దెబ్బతో సరిపెట్టుకోవటం.

మన చేతులు

ఇక మన మాట. చటాన్‌పల్లి వార్త వచ్చిన ఉదయం నాకు బాగా తెలిసిన ఒక మహిళా సంఘం ఆఫీసులో స్వీట్లు పంచారు. నేనక్కడే ఉన్నాను. స్వీటు తీసుకోలేదు గానీ నోరు కూడా విప్పలేదు. అదే రోజు హైదరాబాద్‌లో కొందరు మహిళా, హక్కుల కార్యకర్తలు హైకోర్టుకు విన్నపం పంపారు. దానివల్లే మృతదేహాలను భద్రపరచమని ఆదేశం వచ్చింది. వాళ్లను సోషల్ మీడియాలో చెప్పలేని బూతులు తిట్టారు. వాళ్ల పక్కన నిలబడాల్సిన మనలో చాలామందిమి ఆ వారమంతా కనబడలేదు.

మౌనం ఒక్కటే కాదు. మన సంఘాలు నడిపే పంచాయితీల్లో ఏం జరుగుతుందో మనకు తెలుసు. మొగుణ్ణి పిలిపిస్తాం. ఎదుట కూర్చోబెడతాం. ఎవరో చెంప ఛెళ్లుమనిపిస్తే మందలించాల్సింది పోయి నవ్వుకుంటాం. పార్టీ ఆఫీసులో ఒక్క పూటలో తేలిన తగువుని గొప్పగా చెప్పుకుంటాం. ఆమెకు ఆ పూటకు ఊరట దొరికిన మాట నిజమే. కానీ ఆమె నేర్చుకున్నదేమిటి? కొట్టే చెయ్యి ఉన్నవాళ్ల వైపు చేరితే న్యాయం దొరుకుతుందని. అదే పాఠం రేపు ఎన్నికల్లో ఇంకొకడు ఇంకా పెద్ద గొంతుతో చెబుతాడు. సంఘానికి ఇరవై ఏళ్లుగా ఒకే అధ్యక్షురాలు, ఎదురు మాట్లాడిన కార్యకర్తకు తర్వాతి సమావేశానికి కబురే అందదు, లెక్కలు అడిగితే “అక్కని అనుమానిస్తావా” అంటారు. ఇవన్నీ మన ఇళ్లలోని పెద్దరికమే, చీర కట్టుకుని వచ్చింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు ఏ బలమైన నాయకుడి కోసమూ ఎదురు చూడలేదు. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న వాళ్లు తామే ఒక మాట మీదికొచ్చి, తామే కాపలా కాశారు. 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమంలోనూ తాగుబోతులకు గుండ్లు కొట్టించిన సంఘటనలున్నాయి. వాటిని సమర్థించనక్కర్లేదు. కానీ దాని అసలు బలం ఊరి ఆడవాళ్లందరూ కలిసి కూర్చుని తేల్చుకోవటంలో ఉంది. ప్రభుత్వం తర్వాత సంపూర్ణ మద్యనిషేధాన్ని ఒక నాయకుడి సంతకంగా మార్చి, 1997లో ఇంకో నాయకుడి సంతకంతో ఎత్తేసింది. ఆడవాళ్లు సాధించుకున్నది పెద్దల కానుక అయిపోయిన మరుక్షణం పెద్దలు దాన్ని వెనక్కి తీసుకోగలిగారు.

ఈ వాటా రాతిమీద గీత కాదు. 2017 ఏప్రిల్ 28న ధర పడిపోయి కడుపు మండిన మిరప రైతులు ఖమ్మం మార్కెట్ యార్డులో విరుచుకుపడ్డారు. అరెస్టయిన పదిమందిని మే నెలలో చేతులకు సంకెళ్లతో కోర్టుకు తెచ్చారు. ఆ ఫొటో జిల్లా అంతా చూసింది. గట్టి చెయ్యి తన చేతుల మీదికే వచ్చిందని చూసింది. 2018లో అప్పటి అధికార పార్టీకి రాష్ట్రంలో 88 స్థానాలొస్తే, పాత ఖమ్మం జిల్లాలోని పదింటిలో ఒక్కటే వచ్చింది. కారణం సంకెళ్లొక్కటేనని నేననను. కానీ తమ అనుభవాన్ని రాజకీయంగా చదవటం జనానికి వచ్చు. 2021లో కొణిజర్ల మండలం ఎల్లన్ననగర్ పోడు సాగుదారుల్లో చంటిబిడ్డల తల్లులను కూడా జైలుకు పంపినప్పుడు, ఆ బిడ్డల గురించి బోనకల్ దాకా మాట్లాడుకున్నారు.

కాబట్టి మనం చేయాల్సిన పనులు చెబుతాను. మన పంచాయితీల్లో ఈరోజు నుంచి ఎవరి మీదా చెయ్యి పడకూడదు. రెండు వైపులా విని, రాసి, సంతకాలు తీసుకుని, ఇష్టం లేకపోతే కోర్టుకు వెళ్లవచ్చని చెప్పాలి. అత్యాచారం ఫిర్యాదును తీసుకోని అధికారికి శిక్ష వేసే సెక్షన్ 2013 నుంచే ఉంది. పరిధితో పనిలేకుండా ఎక్కడైనా ఫిర్యాదు రాయించవచ్చని 2024లో అమల్లోకి వచ్చిన కొత్త సంహిత చెబుతోంది. వీటిని ప్రతి మండలంలో పరీక్షించి, నిరాకరించిన చోటల్లా లెక్క రాసి బయటపెట్టాలి. అరవై రోజుల గడువు దాటిన ప్రతి గృహహింస కేసునూ జిల్లా వారీగా లెక్కగట్టాలి. పథకం కానుక కాదు, హక్కు అని ప్రతి సమావేశంలో చెప్పాలి. అన్నిటికన్నా ముందు మన సంఘాల్లో అధ్యక్షురాలు మారాలి, లెక్కలు చదివి వినిపించాలి, ఎదురు చెప్పిన చెల్లెలికి కూడా కబురందాలి.

బోనకల్‌లో ఆమె అడిగిన “మరి?”కి జవాబు బాకీ ఉన్నాను. నాకు ఆడపిల్ల ఉంది. దానికేమైనా అయితే నాకూ చంపెయ్యాలనే అనిపిస్తుంది. ఆ కోపాన్ని నేను దాచుకోను. కానీ ఆ రాత్రి నేను పోలీసు స్టేషన్‌కు పరిగెత్తితే “ఇది మా పరిధి కాదు” అనే మాట నాకు వినబడకూడదు. తొమ్మిది రోజుల తర్వాత ఎవరినో చంపి తెచ్చిచ్చే పూలదండ నాకక్కర్లేదు. నాకు కావలసింది ఆ మొదటి రాత్రి తెరుచుకునే తలుపు. ఆ తలుపు తెరిపించటానికి మనతో కలిసి రమ్మని ఆమెను అడుగుదాం. వెనక గోడకానుకుని కూర్చున్న ఆ పెద్దావిడను కూడా ముందు వరసలోకి పిలుద్దాం.